కన్ను లేని చిలక

2005 అక్టోబరు 9, ఆదివారం. నాటింగ్‌హామ్

మూడోసారి అడిగాను. అటక మీద ఉందమ్మా, అంది వసు. మొన్న గ్యారేజీలో ఉందంది. అంతకు ముందు "ఎక్కడో ఉంటుందిలే". దుప్పటికి కాళ్ళొచ్చినట్టున్నాయి.

మా అబ్బాయి రవి భార్య లలితకి పురుడు నవంబరు మొదటి వారం అన్నారు డాక్టర్లు. బారసాల హారోలో, వాళ్ళింట్లో. మా వైపు బిడ్డని మొదటిసారి ఉయ్యాల్లో వేసేది అమ్మ అద్దకం దుప్పటి మడత మీదే. అక్కని వేశారు, నన్ను వేశారు. తర్వాత వసుని, రవిని. తొమ్మిదేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే వసు కూతురు నిత్యని. అప్పుడు పురుడు పొయ్యడానికి వస్తూ నేనే బందరు నుంచి మోసుకొచ్చాను, ఆవకాయ జాడీ కంటే జాగ్రత్తగా. "నీ దగ్గరే ఉంచు, రేపు రవి పిల్లలకీ కావాలి" అని చెప్పి మరీ వెళ్ళాను.

చెప్పాను. నాకు బాగా గుర్తు.

అక్టోబరు 12

ఈ వారం డ్యూటీల రోటా దారుణంగా ఉందట. ఆసుపత్రి రోటాకీ అటక నిచ్చెనకీ సంబంధమేమిటో. అల్లుణ్ణి అడిగితే "వసూనడగండి అత్తయ్యగారూ" అని టీవీలో దూరిపోయాడు. క్రికెట్టు కూడా లేదు. వాతావరణం చూస్తున్నాడు.

అక్టోబరు 16, ఆదివారం

అక్క ఫోను. బందరులో వాన. మోకాళ్ళు. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడు — యాభై ఏళ్ళుగా కలుపుతున్నాడు, ఇప్పుడు వాడి కొడుకు. చివరికి, ఎప్పుడూ చివరికి అక్కడికే వస్తుంది — "అమ్మ దుప్పటి ఉంటే రవి బిడ్డకి పంపేదాన్ని కదే భానూ. పెట్టెలో నాలుగు వేపాకులు వేసుంటే చెదలు పట్టేవి కావు. అంతా నా అశ్రద్ధ."

లలితకి కాళ్ళ వాపులని చెప్పాను. అక్క అడగలేదు. నేనే చెప్పాను.

అక్టోబరు 19

సుగుణమ్మ వచ్చింది. ఏలూరు మనిషి. పదిహేనేళ్ళు ఇక్కడ ముసలాళ్ళ హోములో చేసి రిటైరైంది. ఇప్పుడు తనే ముసలిదైంది కాబట్టి చర్చివాళ్ళు మినీబస్సులో ఊళ్ళు తిప్పుతున్నారు. వచ్చే బుధవారం ఒక పాత దొరల మేడ చూసి, పక్కనే పబ్బులో భోజనమట.

"నాకు చర్చీ లేదు, పబ్బూ లేదు" అన్నాను.

"బస్సులో రెండు సీట్లున్నాయండీ టీచరుగారూ. మీకేం, మనవరాలికి సెలవులేగా. రండి." ముప్ఫై రెండేళ్ళు కాలేజీలో జువాలజీ చెప్పాను. సుగుణమ్మకి నేను టీచరుగారినే.

రాత్రి భోజనాల దగ్గర మేడ పేరు చెప్పాను. వసు చేతిలో గరిటె ఆగింది. "అక్కడేముందమ్మా, అన్నీ మెట్లే. నీ మోకాళ్ళు. పైగా బోరు." నిత్య తల వంచుకుని బఠాణీలు లెక్కపెడుతోంది.

నా మోకాళ్ళ మీద ఇంత శ్రద్ధ ఈ ఇంట్లో ఇదే మొదలు. వెళ్ళాల్సిందే.

అక్టోబరు 23

అటక నిచ్చెన నేనే దించి ఎక్కాను, వసు డ్యూటీలో ఉండగా. క్రిస్మస్ చెట్టు, విరిగిన ఉయ్యాల, నా సూట్‌కేసు. సూట్‌కేసు ఖాళీ.

అడగలేదు. కాసేపు చూద్దామని.

అక్టోబరు 26, బుధవారం

ఉన్నదున్నట్టు రాయాలి.

మేడ పేరు రాయను. నా డైరీలో దానికంత మర్యాద అక్కర్లేదు.

బస్సు గేటు దాటాక కూడా పది నిమిషాలు నడిచింది, ఇల్లు కనబడదు. గడ్డి, గొర్రెలు, చెరువు, మళ్ళీ గొర్రెలు. తర్వాత ఇల్లు. బందరు కలెక్టరాఫీసులు నాలుగు పేర్చినంత. దొరగారి కుటుంబం ఇప్పటికీ ఒక మూల ఉంటుందట. మిగతాదంతా మాలాంటి వాళ్ళు టికెట్టు కొని చూసి, పైకప్పు కారకుండా కాపాడుతుంటారు. అద్దెకున్న వాళ్ళు ఇంటివాళ్ళని పోషించడం అంటే ఇదే.

లోపల మైనం వాసన. ముప్ఫైమందికి వడ్డించిన బల్ల, దాని మీద ప్లాస్టిక్ నెమలి. గోడల నిండా ఒకే ముక్కున్న మనుషులు, మూడు వందల ఏళ్ళ ముక్కు. ఎవరూ కూచోకుండా పాత కుర్చీలన్నిటి మీదా ఎండిన ముళ్ళకాయలు పెట్టారు. "కూచోవద్దు" అని ఎక్కడా రాయలేదు. ఈ దేశపు మర్యాద మొత్తం ఆ ముళ్ళకాయలో ఉంది.

సుగుణమ్మ ఒక్కో గదిలో "ఇది ఊడవాలంటే ఎంతమంది కావాలో" అంటోంది. నేను బాగానే ఉన్నాను. నిజంగా, సరదాగానే ఉంది. ఒక్క నిత్యే — మెట్ల దగ్గరికి రాగానే చెయ్యి లాగింది. "అమ్మమ్మా, కెన్ వుయ్ గో టు ద షాప్ నౌ? ప్లీజ్?" పైన ఏమీ లేదట. "ఇట్స్ జస్ట్ బెడ్స్."

మంచాలు చూడ్డానికి టికెట్టు కొన్నాను కాబట్టి మంచాలు చూస్తానన్నాను.

పైన మూడో గది. కర్టెన్లు వేసి చీకటి చేశారు, వెలుతురుకి రంగులు పోతాయని. గుమ్మం పక్కన చిన్న కుర్చీలో నా వయసు ఇంగ్లీషావిడ, ఉన్ని స్వెట్టరు, చేతిలో టార్చి. ఈ గదులకి ఇలా ఊరి ఆడవాళ్ళు జీతం లేకుండా కాపలా ఉంటారట. మమ్మల్ని చూసి లేచింది. మమ్మల్ని కాదు. నిత్యని.

"హలో అగైన్, డార్లింగ్! డాక్టరుగారి పాపవి కదూ!"

నిత్య నా వెనక్కి వెళ్ళింది.

ఆవిడ టార్చి వేసింది. మంచం మీద కాదు, పక్కన బల్లపరుపు గాజుపెట్టెలో. ముందు అంచు కనబడింది. మామిడిపిందెల వరస. తర్వాత చెట్టు. తర్వాత చెట్టు మీద —

"ఇది ఎక్కడ తయారైందో తెలుసా మీకు? మసూలిపటం అని, దక్షిణ భారతంలో ఒక రేవు."

"విన్నాను" అన్నాను.

నూలుబట్టని కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెడతారట. గేదెపాలు! — అని కళ్ళు పెద్దవి చేసింది. పారే నీళ్ళలో ఉతుకుతారట. నేనూ ఆశ్చర్యపోయాను, మర్యాద కోసం. అంచు అచ్చుతో అద్దిందీ, చెట్టూ పక్షులూ కలంతో వేసినవీ అని చెప్పింది. బాగానే చదువుకుంది పాపం. ఆ కలం పట్టిన సుబ్బయ్య మా వీధిలో మూడో ఇల్లనీ, మా తాతకి బాకీ తీర్చలేక ఇది వేసి ఇచ్చాడని అమ్మ చెప్పేదనీ నాకు తెలుసు.

"ఇక్కడ చూడండి, అన్నిటికంటే వింత ఇది." టార్చి మూలకి జరిగింది. ఎదురెదురుగా రెండు చిలకలు. ఒకదానికి కన్ను లేదు. "కావాలనే వదిలేశారంటారు కొందరు. సంపూర్ణత దేవుడిదే కదా. పైగా ఆ కన్ను చోట ఎవరో నల్లగా ఏదో పూసి కడిగారు. దీపపు మసి. ఏదో పూజావిధానం కావచ్చని నిపుణుల అభిప్రాయం."

పూజావిధానం పేరు కామేశ్వరి. మా అక్క. అప్పటికి ఎనిమిదేళ్ళు. "గుడ్డి చిలక ఏడుస్తోందే, దానికి కూడా కన్ను పెట్టాలి" అని అమ్మ కాటుక భరిణెలో వేలు ముంచి పెట్టింది. అమ్మ అక్క వీపు మీద ఒకటి వేసి, కుంకుడురసంతో కడిగింది. పూర్తిగా పోలేదు. ఆ తర్వాత చిలక వైపు ఎవరు పడుకోవాలని రోజూ మా ఇద్దరికీ పోట్లాట. ఎప్పుడూ అక్కే వదులుకునేది.

"ఇది మీకెక్కడిది?" అన్నాను.

"ఈ ఊరి డాక్టరొకరు ఇచ్చేశారు. శాశ్వతంగా. అటక మీద సూట్‌కేసులో పడి ఉందట. ఇంట్లో ఎవరికీ అక్కర్లేదట. ఎంత అదృష్టం!"

ఎవరికీ అక్కర్లేదట.

చెయ్యి చాపాను. గాజు మీద ఆన్చబోయాను, అంతే. "ప్లీజ్ డోంట్ టచ్" అంది ఆవిడ, ఎంతో మృదువుగా. అప్పుడు నా వెనక నుంచి నిత్య, ఏడుపు గొంతుతో — "షీ కెన్ టచ్ ఇట్. ఇట్స్ హర్స్."

ఆవిడ టార్చి ఆర్పింది.

తర్వాత పబ్బు. దొరగారి గేటు పక్కనే, నాలుగొందల ఏళ్ళదట. తల తగిలే దూలాలు, గోడకి ఇత్తడి గుర్రపు సామాను, పొయ్యి ముందు కుక్క. నా జన్మలో మొదటిసారి. కల్లుపాకంటే చిన్నప్పుడు ముక్కు మూసుకుని దాటేవాళ్ళం. దీనికి తివాచీ వేశారు, తేడా అంతే. నేనొక మూల బల్ల చూసుకుని కూచున్నాను. ఎవరూ రారు. పావుగంట. మనల్ని చూసి కావాలనే రావట్లేదనుకున్నాను. ఇవాళ ఎవరేం చేసినా నమ్మేదాన్ని.

"ఇక్కడ మనమే లేచి కౌంటరు దగ్గరికెళ్ళి అడగాలండీ టీచరుగారూ. ఇదేమన్నా పెళ్ళిపందిరా, విస్తరేసి వడ్డించడానికి?" సుగుణమ్మ నవ్వి, తనే వెళ్ళి చెప్పొచ్చింది. నాకు కారెట్ సూపు. కోడిరసం వెయ్యలేదని రెండుసార్లు అడిగి కనుక్కుందట. తనకి చేప, పిల్లకి చిప్స్. పాస్టరుగారు అరగ్లాసు బీరు ముందు పెట్టుకుని ప్రార్థన చేశారు.

నిత్యని అడిగాను. జూన్‌ నుంచీ తెలుసట. ఆ పెట్టె తెరిచిన రోజు అమ్మా నాన్నా తనూ వెళ్ళారట. పట్టులంగా వేసుకుందట. ఫొటో తీశారట, కేకు పెట్టారట. "మమ్ సెడ్ నాట్ టు టెల్ యు. షీ సెడ్ షీ'డ్ టెల్ యు హర్‌సెల్ఫ్."

జూన్‌లో నన్ను రెండు వారాలు హారో పంపించారు. "రవి దగ్గర ఉండి రా అమ్మా, వాడు బెంగెట్టుకున్నాడు" అని. వాడేమో నన్ను చూసి "ఏంటమ్మా, చెప్పాపెట్టకుండా?" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను.

సుగుణమ్మకి చెప్పాల్సొచ్చింది. చేప ముల్లు తీస్తూ అంతా వింది. చెప్పు అంత ముక్క, పూర్తి చేసింది. తర్వాత — "తప్పేనండీ. అడగాలి. పెద్దవాళ్ళ వస్తువు." చెయ్యి తుడుచుకుని, ఊరికే, నిజంగా ఊరికే అడిగింది — "అమ్మ వస్తువంటే పెద్దకూతురికి కదండీ మన వైపు? మీకు అక్కగారున్నారు కదా. మీకెలా వచ్చిందండీ అది?"

సూపు చల్లారిపోతోందన్నాను.

అక్టోబరు 27

మాట్లాడలేదు. పప్పులో ఉప్పు లేదని కూడా చెప్పలేదు. దానికి భయపడ్డారు.

అక్టోబరు 28

వసు వంటింట్లోకి వచ్చింది. నిత్య చెప్పేసిందట. ఇంకా కోటు విప్పలేదు.

"అటకలో చిమ్మెటలమ్మా. తినేస్తున్నాయి. అక్కడైతే చల్లగా, చీకట్లో, వందేళ్ళుంటుంది. నీ మంచికే —"

"చిమ్మెట పురుగు ఉన్ని తింటుంది. పట్టు తింటుంది. నూలు దాని తిండి కాదు. నీకు జువాలజీ చెప్పి డాక్టర్ని చేసింది నేనే."

వసు కోటు గుండీ తిప్పుతోంది.

"ఎవరికీ అక్కర్లేదని చెప్పావట."

"అలా అనలేదు. వాళ్ళు అలా రాసుకున్నారు."

"అడిగితే వద్దంటానా?"

"అంటావు."

"అంటాను! అందుకని అడగడం మానేస్తావా? సంతకం పెట్టి, కేకు తిని, ఫొటో దిగి, నన్ను రైలెక్కించి... పరాయివాళ్ళు చేస్తే పోలీసుల్ని పిలుస్తారు. కూతురు చేస్తే పప్పు కలుపుకోవాలి."

కోటు విప్పకుండానే మళ్ళీ బయటికి వెళ్ళింది. కారు తియ్యలేదు. కారులో కూచుంది, అంతే. వంటింటి కిటికీలోంచి కనబడుతూనే ఉంది.

పిలవలేదు.

అక్టోబరు 30, ఆదివారం

గడియారాలు గంట వెనక్కి తిప్పారు ఈ దేశంలో. గంట దేనికి సరిపోతుంది. నాకు తొమ్మిదేళ్ళు కావాలి.

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. అమ్మ పోయాక పెట్టె అక్క ఇంట్లో ఉంది. పెద్దకూతురు, పెట్టె ఆమెదే. నిత్య పుట్టబోతోందని తెలిసి బందరు వెళ్ళాను. అక్క గుడికెళ్ళినప్పుడు పెట్టె తీశాను. అక్కకి పిల్లల్లేరు, ఎవరిని పడుకోబెడుతుంది దీని మీద — అనుకున్నాను. ఆ మాట అప్పుడు న్యాయంగానే కనబడింది. ఇప్పుడు రాస్తే ఎంత నీచంగా ఉందో. దుప్పటి నా సంచి అడుగున సర్దుకున్నాను. అక్క వచ్చాక చెప్పాను, పెట్టెలో చెదలు పట్టాయే, అమ్మ దుప్పటి జల్లెడైపోయింది, నువ్వు చూసి ఏడుస్తావని కాలవలో పారేశాను — అని.

చెద నూలు తింటుంది. అబద్ధం కూడా నేను సిలబస్ ప్రకారమే ఆడాను. వసుకి ఆ పాటి శ్రద్ధ లేదు.

అక్క ఏడ్చింది. నన్ను తిట్టలేదు. తనని తిట్టుకుంది. తొమ్మిదేళ్ళ నుంచీ ప్రతి ఆదివారం తిట్టుకుంటోంది. నేను వింటూనే ఉన్నాను.

అడిగితే ఇచ్చేదే. చిలక వైపు కూడా అడక్కుండానే వదిలేసేది.

అక్క ఫోనొచ్చింది. ఒంట్లో బాగాలేదని చెప్పించాను. నిత్యతో.

నవంబరు 1

దీపావళి. వర్షం. గుమ్మంలో దీపం పెట్టాను, ఆరింది. మళ్ళీ పెట్టాను.

నవంబరు 4

ఆడపిల్ల. మూడు కేజీల నూటపాతిక. ఇద్దరూ క్షేమం. రవి ఫోన్లో ఏడుస్తున్నాడు, వాడి బారసాలనాడు ఏడ్చినట్టే.

"అమ్మా, ఆ దుప్పటి తీసుకొస్తున్నావుగా" అన్నాడు. వాడికొక్కడికే ఏమీ తెలీదు. వసు నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

"చూద్దాంరా" అన్నాను. మా ఇంటి భాష నాకూ వచ్చేసింది.

నవంబరు 9

వసు మేడవాళ్ళకి ఫోన్ చేసింది. ఒక్కరోజుకి, ఒక్క గంటకి ఇస్తారా అని. నేను అడగమనలేదు. ఇవ్వరట. ఒకసారి పుస్తకంలో ఎక్కాక వస్తువు బయటికి రాదట. కావాలంటే బిడ్డని అక్కడికి తీసుకురమ్మన్నారు, గాజుపెట్టె పక్కన ఫొటో తీస్తారట. ముళ్ళకాయ కూడా పెడతారేమో, బిడ్డ పడుకోకుండా.

నవంబరు 15

మేడ నుంచి ఉత్తరం. నా పేరుకే. ఆ టార్చి ఆవిడ చెప్పిందట, నిజమైన యజమాని వచ్చి వెళ్ళారని. దయచేసి దుప్పటి కథ రాసివ్వమని అడుగుతున్నారు. నా పేరుతో చీటీ మారుస్తారట. నాలుగు పేజీల ఫారం. ఎవరు చేశారు, దేనికి వాడేవారు, ఆ నల్లమచ్చ ఏమిటి.

నిత్య ఫారం ముందేసుకుని కూచుంది. నేను చెబుతుంటే ఇంగ్లీషులో రాస్తోంది, పెన్సిలుతో. సుబ్బయ్య గురించి రాసింది. ఉయ్యాల గురించి రాసింది. కాటుక దగ్గర పడీపడీ నవ్వింది. "పెద్దమ్మమ్మ డిడ్ దట్? షీ వజ్ నాటీ!" నిత్య అక్కని ఎప్పుడూ చూడలేదు. ఫోన్లో దగ్గు మాత్రం తెలుసు.

మూడో పేజీ అడుగున ఒక గడి. ఈ వస్తువు మీకు ఎలా సంక్రమించింది?

"వాట్ షల్ ఐ పుట్, అమ్మమ్మా?"

ఆకలిగా ఉందా అని అడిగాను.

నవంబరు 19

ఫారం బల్ల మీదే ఉంది. దాని మీద పళ్ళెం పెట్టాను. పళ్ళెం తీసినా ఉంది.

నవంబరు 26, శనివారం. హారో

ఇరవై ఒకటో రోజు మొన్న గురువారం. గురువారం ఎవరికీ సెలవు లేదు కాబట్టి దేవుడు శనివారానికి సర్దుకున్నాడు.

పొద్దున్నే బయల్దేరాం. మోటార్‌వే మీద మంచు. వసు నడుపుతోంది, నేను పక్కన. వెనక అల్లుడు నిద్ర, నిత్య చెవుల్లో పాటలు. నెల రోజులుగా మా ఇద్దరి మధ్య ఉప్పు, పప్పు, "గ్యాస్ కట్టేశావా", అంతే. ఎక్కడో దారి మధ్యలో, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా —

"రెండేళ్ళ కిందట దాన్ని కిందికి దించానమ్మా. ఉతికాను. తోటలో ఆరేశాను. అయిదో నెల."

నాకు అర్థం కాలేదు. తర్వాత అయింది.

"నాన్న పోయి రెండు నెలలు. నీకు ఫోన్లో అది కూడా చెప్పాలా అనిపించింది. చెప్పలేదు. ఆ తర్వాత దాన్ని మళ్ళీ పైకి ఎక్కించాను కానీ... పైన ఉందని తెలుస్తూనే ఉండేది, పడుకున్నా. పారెయ్యలేను. ఉంచుకోలేను. మేడవాళ్ళు పాత బట్టల కోసం అడిగారు. ఇచ్చేశాను."

వైపర్లు ఆడుతున్నాయి.

"చిమ్మెటలని ఎందుకన్నావే?"

"నువ్వు జువాలజీ మాట్లాడతావని. ఇది మాట్లాడవని."

ఆ ఏడాది ప్రతి ఆదివారం ఫోను చేసేది. బాగున్నావా అంటే బాగున్నానంది. నేను నమ్మాను, నమ్మడం తేలిక కాబట్టి. గుడ్డముక్క కోసం నెల రోజులు అన్నం మానినంత పని చేశాను. ఆ బిడ్డ కోసం ఏడవడానికి నాకు తేదీ కూడా తెలీదు.

జాలేసింది. కోపం పోలేదు. ఇది రాయకపోతే ఈ డైరీ ఎందుకు. ఇన్ని దాచిన పిల్ల, ఇంకెన్ని దాచిందో. అది ఎవరికి పుట్టిందో నాకు తెలుసు.

గేరు మార్చే చేతి మీద చెయ్యి వేశాను. "గేరమ్మా" అంది. తీశాను.

బారసాల బాగా జరిగింది. లలిత వాళ్ళమ్మ షాపు నుంచి తెచ్చిన దుప్పటి, తెలుపు మీద ఏనుగులు. ఏనుగులన్నిటికీ రెండేసి కళ్ళు. చంటిది హాయిగా నిద్రపోయింది. రవి నా దగ్గరికొచ్చి "దుప్పటేదమ్మా?" అన్నాడు.

వసు నోరు తెరిచింది. దానికంటే ముందు నేనన్నాను — "నేనే ఇచ్చేశాన్రా. మ్యూజియంకి."

ఎందుకన్నానో తెలీదు. ఇంకో అబద్ధం. ఇదైనా ఎవరికన్నా పనికొస్తుందేమో. వసు నా కళ్ళలోకి చూసింది, నెల తర్వాత.

నవంబరు 27, ఆదివారం. నాటింగ్‌హామ్

ఫారం రేపు పోస్టు చెయ్యాలి. గడిలో పెన్సిలు పట్టుకుని నేనే రాశాను, ఇంగ్లీషులో, కాలేజీ బోర్డు మీద రాసినట్టు పెద్ద అక్షరాలతో: ఇది నా అక్క కామేశ్వరిది. ఆమెని అడగకుండా తెచ్చాను.

నిత్య రెండుసార్లు చదివింది. తలెత్తి చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల చూపు, దొంగని పట్టుకున్న చూపు కాదు. అదింకా కష్టం. "షల్ ఐ డూ ఇట్ ఇన్ పెన్?"

"ఆగు. ముందు అక్కకి చెప్పాలి."

"డజ్ షీ నో?"

"తెలీదు."

"లైక్ యు డిడ్'న్ట్?"

అవున్రా తల్లీ. అలాగే.

ఈసారి నేనే ఫోను చేశాను. ఈస్ట్ హామ్ నుంచి రవి తెచ్చిన ఫోను కార్డు, గీకి నంబరు నొక్కాలి. అక్క నాలుగో రింగుకి ఎత్తింది. అక్కడ మధ్యాహ్నం, పడుకుని లేచినట్టుంది. "చెప్పవే" అంది.

ఇక్కడ చలి ఎక్కువగా ఉందక్కా, అన్నాను.

బారసాల ఎలా అయిందో చెప్పాను. బిడ్డ ముక్కు మన నాన్న ముక్కే అన్నాను. పాయసం గట్టిపడిందన్నాను. దేని మీద పడుకోబెట్టారే, అంది. ఏనుగుల దుప్పటన్నాను. నవ్వింది. నవ్వి, దగ్గి, ఎప్పటిలాగే — "అమ్మది ఉంటే బాగుండేది కదే. నాలుగు వేపాకులు... అంతా నా తప్పు."

"నీ తప్పు కాదక్కా."

తొమ్మిదేళ్ళలో ఈ మాట మొదటిసారి అన్నాను. గది తలుపులో నిత్య నిలబడి ఉంది, చేతిలో పెన్నుతో.

"మరెవరిదే?" అంది అక్క, ఇంకా నవ్వుతూనే.

కార్డులో ఇంకా ముప్ఫై ఒక్క నిమిషాలున్నాయి.